అర్థమైందా, ఆపా?

కాలేజీలో వెనకబడ్డ మొదటి సంవత్సరం విద్యార్థులకు సీనియర్లే దగ్గరుండి చదువు చెప్పాలని విమలాదేవి మేడం ఒక పద్ధతి మొదలుపెట్టినప్పుడు, అందరికంటే ముందు పేరిచ్చింది రశ్మి. డిగ్రీ ఆఖరి సంవత్సరం. స్టాటిస్టిక్స్‌లో ఆమెను దాటినవాళ్లు క్లాసులో లేరు. అఫ్జల్‌గంజ్‌లో స్టీలు సామాన్ల దుకాణం నడిపే నాన్నకు ఆ సాయంత్రమే చెప్పింది, "నేను మెంటర్‌నైన బాపు" అని.

ఆమెకు అప్పగించిన విద్యార్థిని పేరు అజ్మతున్నీసా. వయసు ముప్ఫై అయిదు. ఇంటర్ పూర్తవగానే పెళ్లయింది. కూతురు మహీన్ ఎనిమిదో తరగతికి వచ్చాక, పదహారేళ్ల తర్వాత మళ్లీ పుస్తకం పట్టింది. రోజూ కిషన్‌బాగ్ నుంచి షేర్ ఆటోలో వస్తుంది. మొదటి రోజు లైబ్రరీలో తనకంటే పదిహేనేళ్లు పెద్దయిన మనిషి ఎదురుగా కూర్చునేసరికి, ఏమని పిలవాలో తెలియక రశ్మి తడబడింది.

"ఆపా అను, అక్క అన్నట్టే. క్లాసంత గట్లనే పిలుస్తరు," అని ఆమే నవ్వింది.

మంగళ, శుక్రవారాల్లో మధ్యాహ్నం మూడింటికి కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చునేవాళ్లు. రశ్మి ముందురోజే సిద్ధపడి వచ్చేది. మూడు రంగుల పెన్నులతో సూత్రాలు రాసేది, ఒక్కో లెక్కా ఆగకుండా చివరిదాకా చేసి చూపించేది. పేజీ నిండగానే తలెత్తి, "అర్థమైందా, ఆపా?" అని అడిగేది.

"అయింది రశ్మీ. మస్తు మంచిగ చెప్తవ్ నువ్వు."

ప్రతిసారీ వెళ్లేముందు ఒక ఫారం నింపాలి. 'విద్యార్థికి పాఠం అర్థమైంది' అన్న గడిలో రశ్మి టిక్కు పెట్టి మేడం టేబుల్ మీద ఉంచేది. అలా పదకొండు ఫారాలయ్యాయి.

తర్వాత ఇంటర్నల్ పరీక్ష వచ్చింది. అజ్మతున్నీసాకు ఇరవైకి మూడు మార్కులు.

నోటీసు బోర్డు ముందే రశ్మికి ముఖం కందిపోయింది. వరండాలో కనిపించిన ఆపాను ఆపి, "గన్నిసార్లు చెప్పిన గదా! అడిగినప్పుడల్లా అర్థమైందన్నరు. మరి గిదేంది?" అంది. అటుగా పోతున్న ఇద్దరు ఆడపిల్లలు వెనక్కి తిరిగి చూశారు.

అజ్మతున్నీసా కొంగు సర్దుకుంది. మెల్లగా అంది. "మొదటి వారంల ఒకపారి మళ్ల చెప్పుమని అడిగిన. యాదికుందా? నువ్వు చెప్పినవ్, చెప్పలేదని అంటలేను. కానీ చెప్పేముందు నీ ముఖం ఎట్లనో అయింది. గింత కష్టపడుతున్న పిల్లను ఎందుకు సతాయించాలె అనుకున్న. గంతే."

రశ్మికి ఏమీ యాదికి రాలేదు. అదే ఆమెను ఎక్కువ బాధించింది.

శుక్రవారం అజ్మతున్నీసా రాలేదు. మంగళవారమూ రాలేదు. రశ్మి ఖాళీ కుర్చీ ఎదుట అరగంట కూర్చుని, లేచి మేడం గదికి వెళ్లింది.

"నాకు వేరే స్టూడెంట్‌ని ఇవ్వండి మేడం. ఆపాకు నేను చెప్పేది ఎక్కుతలేదు."

విమలాదేవి వాదించలేదు. సొరుగులోంచి ఆ పదకొండు ఫారాలు తీసి బల్ల మీద పెట్టింది. "ఇస్తాను. ముందు ఒకటి చెప్పు. ఈ గడుల్లో టిక్కు పెట్టింది ఆమెనా, నువ్వా?"

"నేనే మేడం."

"అర్థమైందని నీకెట్లా తెలిసింది?"

"అడిగిన..." అని రశ్మి ఆగిపోయింది. పదకొండుసార్లు అడిగింది. పదకొండుసార్లూ ఒకటే జవాబు. కలం ఒక్కసారి కూడా ఆపా చేతికి ఇవ్వలేదు. ఫారాలు తీసుకుని బయటికి వచ్చేసింది.

ఆదివారం కాలేజీకి సెలవు. ఫోన్ చేసి చిరునామా అడిగి, ఆటో మారి కిషన్‌బాగ్ చేరింది. గల్లీ చివర మొదటి అంతస్తులో ఇల్లు. తలుపు తీసిన అజ్మతున్నీసా ఆశ్చర్యపోయి, "అరే, ఎండల గింత దూరం వచ్చినవా!" అంటూ చాయ్ పెట్టడానికి లోపలికి పోబోయింది. రశ్మి ఆమె చేయి పట్టుకుని ఆపింది.

"ఆపా, నా ముఖం గట్లయినందుకు ఏమనుకోకండి. నాకు తెల్వకుండనే అయింది. ఇంకోపారి మొదలుపెడదాం."

చాప మీద కూర్చున్నారు. ఈసారి తేలిగ్గా చెప్పాలని రశ్మి ఆలోచించుకుని వచ్చింది. "ఒక దుకాణంల అయిదు డబ్బాల గాజులు ఉన్నయనుకోండి..."

"గాజుల ముచ్చట వద్దు రశ్మీ," అని అజ్మతున్నీసా అడ్డుపడింది. గొంతులో కోపం లేదు కానీ మాట గట్టిగానే ఉంది. "సగటు తీసుడు నాకొస్తది. చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పకు. పుస్తకంల ఉన్నదే నాకు కావాలె."

రశ్మి తల వంచుకుంది. తర్వాత పుస్తకాన్ని ఆమె వైపు తిప్పి, కలం చేతికిచ్చింది. "అయితే ఏడ ఆగిపోయిన్రో మీరే చూపియ్యండి."

అజ్మతున్నీసా పేజీలు వెనక్కి తిప్పింది. నాలుగో పాఠం, మూడోది, రెండోది. చివరికి మొదటి పాఠంలో మొదటి సూత్రం మీద వేలు పెట్టింది. సిగ్మా గుర్తు.

"గిదేంది? ఇంగ్లిష్ 'ఎం' పక్కకు పండుకున్నట్టున్నది. దీని పేరేందో, ఎందుకు పెడ్తరో ఎవ్వలు చెప్పలే. అందరు రాసుకుంటున్నరు. నా బిడ్డంత ఉన్నోళ్ల నడుమ లేచి అడుగుడు నాతోని కాలే."

రశ్మి ఆ పేజీ మీదికి వంగింది. ఆ గుర్తును ఈ రెండు నెలల్లో ఆమె కొన్ని వందలసార్లు గీసి ఉంటుంది.

"సిగ్మా అంటరు ఆపా. అన్నీ కూడుమని చెప్పే గుర్తు. గంతే."

"గంతేనా?"

"గంతే."

అజ్మతున్నీసా ఆ సూత్రాన్ని కాసేపు చూసింది. తర్వాత ఒక లెక్క మొదలుపెట్టింది. నెమ్మదిగా, పైకి చెప్పుకుంటూ చేసింది. మధ్యలో ఒకచోట తప్పింది. సరిదిద్దబోయి రశ్మి చేయి వెనక్కి తీసుకుంది. నాలుగు నిమిషాల తర్వాత ఆపాయే కొట్టేసి మళ్లీ రాసింది.

ఆ తర్వాత కలం ఎప్పుడూ ఆపా చేతిలోనే ఉండేది. పాఠాలు నెమ్మదిగా నడిచాయి. ప్రశ్నలు ఎక్కువయ్యాయి. ఒక శుక్రవారం అజ్మతున్నీసా అడిగింది. "ఈడ మొత్తం పది అంకెలుంటే తొమ్మిదితోని ఎందుకు భాగిస్తున్నం? పదితోని ఎందుకు కాదు?"

"సూత్రమే గట్లుంటది ఆపా," అంది రశ్మి అలవాటుగా. ఆపా చూపు కదల్లేదు. రశ్మి మళ్లీ పుస్తకం చూసింది. పరీక్షల్లో ఆ సూత్రంతో ఎన్ని మార్కులు తెచ్చుకుందో గుర్తుంది. కారణం మాత్రం తెలియదు.

"నాకు తెల్వదు," అంది చివరికి.

అజ్మతున్నీసా వేళాకోళం చేయలేదు. పుస్తకం మూసి లేచింది. "అయితే నడు, స్టాటిస్టిక్స్ సార్‌ను అడుగుదాం."

ఇద్దరూ స్టాఫ్ రూముకు వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డారు. ముందు అడిగింది అజ్మతున్నీసాయే.

సెమిస్టర్ ఫలితాల్లో ఆమె స్టాటిస్టిక్స్ గట్టెక్కింది, నూటికి నలభై ఆరు. ఇంగ్లిష్ మాత్రం పోయింది. రశ్మి ఫోన్‌లో ఆ సంగతి చెప్పడానికి నానా తంటాలు పడుతుంటే అవతలి నుంచి నవ్వు వినిపించింది.

"పొద్దుగాలనే చూసుకున్న. నువ్వు ఫికర్ చెయ్యకు. ఇంగ్లిష్ ఎవరు మంచిగ చెప్తరో మేడంను అడిగొచ్చిన. రాహేలు అనే పిల్ల ఉన్నదంట. సోమవారం నుంచి పోతున్న."