కండెకు కొత్త చేతులు

"ఇక నేనొక్కణ్ణే చూసుకోలేను. కండె బాధ్యత తీసుకోవడానికి కొత్తవాళ్లు కావాలి" అని ఇంటర్నెట్‌లో రాసి బటన్ నొక్కాక, రఘుపతి కుర్చీలో వెనక్కి వాలాడు. పెంచిన బిడ్డను దత్తతకిస్తానని ఊరంతా చాటింపు వేయించినట్టనిపించింది.

కండె అతను సొంతంగా రాసిన సాఫ్ట్‌వేర్. కాగితం మీద గీసిన బొమ్మను దానికిస్తే, ఏ వరుసలో ఏ పోగు పైకి లేవాలో లెక్కగట్టి, బొమ్మలు నేసే జకార్డ్ మగ్గానికి అర్థమయ్యే ఫైలు చేసిస్తుంది. అతని నాన్న సిరిసిల్ల వైపు నుంచి సూరత్‌కు వచ్చి ఏళ్ల తరబడి సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపాడు. అమ్మ వజ్రమ్మ మగ్గం నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టింది. ఆ ఇంట్లో పుట్టిన రఘుపతి కంప్యూటర్ నేర్చుకుని ఓ మిల్లులో డిజైన్ల పనికి కుదిరాడు. తీరిక వేళల్లో ఈ సాఫ్ట్‌వేర్ రాసి, అమ్మ చుట్టిన కండెల పేరే దానికి పెట్టి, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపలేముందో చూడొచ్చు, బాగుచేసుకోవచ్చు అని లోకానికి వదిలేశాడు.

మొదట్లో వాడేవాళ్లు తక్కువ. కరోనా వచ్చాక కథ మారింది. డిజైనర్లంతా ఇళ్లలో కూర్చున్నారు. ఖరీదైన సాఫ్ట్‌వేర్లేమో తాళం వేసిన ఆఫీసు కంప్యూటర్లలో ఉండిపోయాయి. ఉచితంగా దొరికేది కండె ఒక్కటే. భివండీ నుంచి, వారణాసి నుంచి, పేరు కూడా వినని దేశాల నుంచి ప్రశ్నలు వచ్చిపడ్డాయి. రెండో వేవ్ తగ్గి మిల్లులో పని జోరందుకునేసరికి, రఘుపతి కండె పేజీ తెరవడాన్ని రోజూ రేపటికి వాయిదా వేసేవాడు.

అతని నోటీసుకు జవాబులైతే బోలెడొచ్చాయి. "దయచేసి వెళ్లకండి" అన్నవాళ్లు కొందరు, దండాల బొమ్మలు పెట్టినవాళ్లు కొందరు. ఓ కంపెనీవాళ్లు మాత్రం తామే తీసుకుంటామన్నారు. తీరా మాట్లాడితే, తీసుకున్నాక లోపలేముందో ఎవరికీ చూపకుండా తలుపులు మూసి అమ్ముకుంటారట. వద్దని చెప్పి రఘుపతి నీరుగారిపోయాడు.

"ఏందయ్యా, మొఖం గట్ల పెట్టినవ్?" అంది అతని భార్య సంతోషి, పిండి కలుపుతూ.

చెప్పాడు. సంతోషి చేతులు ఆపకుండానే విన్నది.

"నిరుడు లాక్‌డౌన్ల మనం పనోళ్లకు వంట పెట్టినప్పుడు యాదికుందా? ఎవ్వరొస్తరంటే గల్లీ మొత్తం చేతులు లేపింది. పొద్దుగాల చూస్తే ఒక్కరు లేరు. నేనేం జేసిన? పిలువకముందే వచ్చి ఉల్లిగడ్డలు కోస్తున్నోళ్ల కాడికి పోయి, ఇగ వంట మీ జిమ్మ అన్న. నీ కండెల గిట్ల ఉల్లిగడ్డలు కోసేటోళ్లు ఎవ్వరు లేరా?"

రఘుపతి పరుగున వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

ఇన్నాళ్లూ అతను తన జవాబు కోసం ఎదురుచూసే ప్రశ్నలనే చూశాడు. ఎవరో జవాబిచ్చేసిన ప్రశ్నల వైపు తలెత్తి చూడలేదు. ఇప్పుడు వాటిని తెరిస్తే రెండు పేర్లు పదే పదే కనిపించాయి. బి. లక్ష్మి అనే ఆవిడ, కొత్తగా వచ్చినవాళ్లకు బొమ్మలు పెట్టి మరీ, ఒకటికి రెండుసార్లు విసుక్కోకుండా చెబుతోంది. టర్కీలోని బుర్సా నుంచి ఎలిఫ్ అనే అమ్మాయి, కోడ్‌లో చిన్న చిన్న చిల్లులు పూడ్చి పంపుతోంది. వాటిలో కొన్నింటిని రఘుపతి ఇంకా చూడనైనా లేదు. సిగ్గూ సంతోషమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. ఇద్దరికీ ఇంగ్లీషులో ఉత్తరాలు రాశాడు. ఎలిఫ్ వెంటనే సరేనంది. బి. లక్ష్మి ముందు మాట్లాడాలంది.

ఆదివారం వీడియో కాల్‌లో ముప్పై దాటిన ఒక మనిషి కనిపించింది. "గుడ్ మార్నింగ్ సర్" అంది. అతనూ గుడ్ మార్నింగ్ చెప్పి, నిన్నంతా వల్లెవేసుకున్న ఇంగ్లీషు మొదలుపెట్టాడు. రెండు వాక్యాలైనా పూర్తికాకముందే లోపలి నుంచి సంతోషి కేక వినిపించింది.

"ఓ అయ్యా, నా చేతులకు పిండి ఉన్నది. పాలు పొంగుతున్నయ్, జర స్టౌ బంద్ జెయ్యి!"

తెర మీది మనిషి కళ్లు ఇంతింతయ్యాయి.

"అయ్యో! మీరు తెలుగోళ్లా అన్నా?"

రఘుపతి స్టౌ సంగతే మరిచిపోయాడు. "నువ్వు తెలుగేనా అమ్మా? ఎక్కడుంటవ్?"

"కోసాడ్‌ల."

"కోసాడంటే... మన కోసాడా? అమ్రోలీ దగ్గర?"

"గదే అన్నా. మీరు?"

"పర్వత్ పాటియా!"

ఇద్దరూ పకపకా నవ్వారు. ఒకే సూరత్‌లో చెరో మూల కూర్చుని, ఏడాదికి పైగా ఒకే పేజీలో ఒకరినొకరు ఎరగకుండా ఇంగ్లీషులో జవాబులు రాస్తూ వచ్చారన్నమాట. ఆమె అసలు పేరు భాగ్యలక్ష్మి. ఓ చీరల సేఠ్ దగ్గర డిజైన్లు చేస్తుంది. వాళ్ల అమ్మానాన్నలు జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చి మగ్గాల పనిలోనే బతికారు.

"ఇంగ్లీషు అక్షరాలల్ల చూసి నేను హిందీ కండే అనుకున్న అన్నా. పిడకలు! సాఫ్ట్‌వేర్‌కు పిడకల పేరు పెట్టినోడు ఎవ్వడురా బాబూ అని మస్తు నవ్వుకున్న. మా అమ్మ చుట్టే కండె అని తట్టనే లేదు."

వంటింట్లో పాలు పొంగిపోయాయి. సంతోషి పిండి చేతులతోనే వచ్చి, తిట్టబోయి, తెర మీద ఎవరున్నారో తెలుసుకుని తనూ కూర్చుంది. అరగంటలో వాళ్లిద్దరూ అక్కాచెల్లెళ్లయిపోయారు. చివరికి రఘుపతే ఆపి అడగాల్సి వచ్చింది.

"మరి కండెను నువ్వు చూసుకుంటవా చెల్లె?"

భాగ్యలక్ష్మి నవ్వు తగ్గింది. "కోడ్ రాసుడు నాకు సక్కగ రాదన్నా. కాని నేర్చుకుంట. గొప్పగ చెప్తలేను, నిజంగనే నేర్చుకుంట. ఒక్కటే మాట. ఇస్తే ఇచ్చినట్టుండాలె. నేను తప్పు జేస్తే మీరు ఎనకెనక వచ్చి సాఫ్ జెయ్యొద్దు. నాతోనే జేపియ్యాలె."

"గంతే కదా!" అన్నాడు రఘుపతి ఉత్సాహంగా. ఆ మాట నిలబెట్టుకోవడం ఎంత కష్టమో అప్పటికి అతనికి తెలియదు.

ఆ వానాకాలమంతా ముగ్గురూ తెర మీద కలుసుకున్నారు. భాగ్యలక్ష్మి ఇంగ్లీషులో సగం గుజరాతీ ఉండేది, ఎలిఫ్ ఇంగ్లీషులో సగం టర్కిష్. మాట అందని చోట ఇద్దరూ గుడ్డ ముక్కలు కెమెరా ముందు పట్టి చూపించుకునేవారు. పోగు పోగుకూ ఎలా అల్లుకుందో చూడగానే ఇద్దరికీ ఒకేసారి అర్థమయ్యేది. భాగ్యలక్ష్మి పొద్దున పనికి వెళ్లేముందు కోడ్ నేర్చుకునేది. ఆమె రాసిన మొదటి వరుసలు చూసి రఘుపతి వేళ్లు దురద పెట్టాయి. దిద్దకుండా, ఎక్కడ తడబడిందో మాత్రం చెప్పి ఊరుకున్నాడు. ఆమె దిద్దుకుంది.

కొత్త వెర్షన్ సిద్ధమైంది. పెద్ద పన్నా, అంటే వెడల్పు ఎక్కువున్న, మగ్గాలకు కూడా పనిచేసేలా చేశారు. లోకానికి వదిలేముందు నిజమైన మగ్గం మీద చూడాలనుకున్నారు. ఎలిఫ్ బుర్సాలో ఓ దానిమ్మకాయ గీసి పంపింది. భాగ్యలక్ష్మి సేఠ్‌ను ఒప్పించి, సూరత్ శివార్లలో ఉన్ అనే చోట ఉన్న ఆయన కార్ఖానాలో మధ్యాహ్నం ఒక మగ్గం ఖాళీ చేయించింది. రఘుపతి ఉండబట్టలేక బండేసుకుని వెళ్లాడు. మాస్కుల పైనున్న కళ్లు చూసే అతనూ భాగ్యలక్ష్మీ ఒకరినొకరు గుర్తుపట్టారు. ఎలిఫ్ ఫోన్ తెరలో ఉంది.

మగ్గం నడిపే బిక్షపతి మీట నొక్కాడు. దడదడలాడుతూ గుడ్డ దిగసాగింది. కాయ కిరీటం వచ్చింది. తొక్క వచ్చింది. భాగ్యలక్ష్మి గుడ్డ మీదికి వంగింది. గింజల దగ్గరికొచ్చేసరికి మాత్రం పోగులు అల్లుకోకుండా పైపైన వదులుగా వేలాడాయి.

బిక్షపతి మగ్గం ఆపాడు. "గిట్లయితే గాజు తట్టినా పోగు లేస్తది బిడ్డా. చీరకు పనికిరాదు."

రఘుపతి చెయ్యి తనకు తెలియకుండానే లాప్‌టాప్ మీదికి పోయింది. భాగ్యలక్ష్మి ఆ చేతి వైపు చూసింది. అతను రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని గోడకానుకున్నాడు. ఆమె ఎలిఫ్‌తో మాట్లాడుతోంది, గుడ్డను ఫోన్ దగ్గరికి తీసుకెళ్లి గింజలు చూపిస్తోంది. ఎలిఫ్ ఏదో అంది. భాగ్యలక్ష్మి కాదంది. ఇద్దరూ గొంతు పెంచారు. ఉన్నట్టుండి ఇద్దరూ కలిసి కోడ్‌లోని పాత వరుసలు తెరిచారు.

భాగ్యలక్ష్మి మెల్లగా తల తిప్పింది. "అన్నా, మేం రాసిన దాంట్ల తప్పు లేదు. రెండు రంగులు మూలల కలిసిన కాడ పోగు లెక్క తప్పుతున్నది. అది మీరు రాసిందే. మొదటి నుంచీ గట్లనే ఉన్నది."

రఘుపతికి మొదట చిన్నతనమనిపించింది. తర్వాత ఏమైందో అతనికే ఆశ్చర్యం. లోపలి నుంచి సంబరం తన్నుకొచ్చింది. ఇన్నేళ్లలో తను తప్ప ఎవరూ అడుగుపెట్టని ఇంటి మూలగదిలోకి ఇద్దరు మనుషులు దీపం పట్టుకుని వెళ్లారు! తనకు కనబడని బూజు చూశారు!

"అయితే దులపండి! చూస్తరేంది?" అని మగ్గాల మోతను మించి అరిచాడు.

భాగ్యలక్ష్మి దిద్దింది. ఎలిఫ్ అటు నుంచి ఒకటికి రెండుసార్లు సరిచూసింది. బిక్షపతి మళ్లీ మీట నొక్కాడు. ఈసారి గింజలు ఒక్కొక్కటే, ఎర్రగా, నిండుగా, గుడ్డలోకి కరుచుకుని దిగాయి. పక్క మగ్గాలవాళ్లు మెడలు సాచి చూశారు. బిక్షపతి అరచేత్తో గట్టిగా రుద్ది, "మస్తుగొచ్చింది!" అన్నాడు. అంతదూరం నుంచి ఎలిఫ్ వేసిన కేకకు ఫోన్ స్పీకర్ బరబరలాడింది. అక్కడే, ఆ నూలు దుమ్ములోనే, భాగ్యలక్ష్మి కొత్త వెర్షన్‌ను లోకానికి వదిలింది. బటన్ నొక్కాక కొంగుతో కళ్లు తుడుచుకుని, దుమ్ము పడిందంది.

దసరా దాటాక రఘుపతికి మిల్లులో పని చేస్తుంటే కండెలో ఓ చిన్న లోటు కనిపించింది. తనే దిద్ది, అందరిలాగే పంపాడు. మర్నాడు జవాబొచ్చింది. చదివి వంటింట్లోకి పరుగెత్తాడు.

"సంతోషీ! వాపస్ పంపింది!"

"ఎవ్వరు? ఏంది?"

"భాగ్యలక్ష్మి! నేను పంపింది తీసుకోలే! పరీక్ష చేసి చూడలేదట, చూసినంకనే పంపాలెనట!"

"తప్పు పట్టినందుకు గంత సంబురమా?" అంది సంతోషి.

రఘుపతి అప్పటికే కంప్యూటర్ ముందు కుర్చీ లాక్కుని తను దిద్దినదానికి పరీక్ష రాయడానికి కూర్చున్నాడు.