రేడియో చెప్పిన మాట

ఫోంబే ముసలాయన పోయిన రోజున ఆ ఇంట్లో అందరికంటే హుషారుగా ఉన్నవాడు గ్వాటిడ్జో. ఉండాలి మరి, అది అతని బాధ్యత. చచ్చినవాణ్ణి ఎగతాళి చేసి ఇంటివాళ్ళను నవ్వించడానికి వంశానికొక నేస్తం ఉంటాడు. సహ్విర అంటారు. అతను ఎంత మాటన్నా ఎవరూ కోప్పడకూడదు. అందుకే ఫోంబే పాత సైనిక కోటు తొడుక్కుని, ఆయన కర్ర పట్టుకుని, శవపేటిక చుట్టూ అచ్చం ఆయనలాగే కుంటుతున్నాడు.

పెద్దకొడుకు అల్బీనోకి ఒకపక్క నవ్వు వస్తోంది, మరోపక్క చూపు ఆడవాళ్ళ వైపే పోతోంది. వాళ్ళ మధ్య డెల్ఫీనా కూర్చుని ఉంది. ఎన్నో ఏళ్ళ కిందట, అంతర్యుద్ధంలో పట్టుబడ్డ ముగ్గురు గెరిల్లా కుర్రాళ్ళను ఏటి ఒడ్డున కాల్చేశారు. వాళ్ళలో ఒకడు జీటో, ఆమె కొడుకు. కాల్చిన సైనికులను అడిగితే తమ దళ నాయకుడు ఫోంబే చెప్పాడన్నారు. ఫోంబేని అడిగితే పైనుంచి రేడియోలో ఆజ్ఞ వచ్చిందన్నాడు. ఆ పైవాళ్ళెవరో ఎవరికీ తెలియదు. చంపినవాడి ఇంటివాళ్ళు ఒప్పుకుని పిలిస్తే తప్ప జీటో ఆత్మ ఇంటికి రాదు. ఒప్పుకుంటే ఆ హత్య భారమంతా వాళ్ళ పిల్లల నెత్తికెక్కుతుంది. అల్బీనోకి నలుగురు పిల్లలు.

గ్వాటిడ్జో చెప్పు తీసి చెవికి ఆనించుకున్నాడు.

“హలో, పైవాళ్ళా? నేను ఫోంబేని. మా ఆవిడ, నేను పోట్లాడుకున్నాం. తప్పెవరిది? ఆమెదేనా? అదీ మాటంటే.”

వాకిలంతా గొల్లుమంది. ముసలాయన భార్య కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“ఉత్త పిసినారి,” అంటూ పేటికను కర్రతో తట్టాడు గ్వాటిడ్జో. “నా పెళ్ళిలో పాటలపెట్టెకు బ్యాటరీలు లేవంటే తన సైనిక రేడియోలోవి పీకి ఇచ్చాడు. ఇచ్చిన గంట నుంచీ ‘ఏవిరా నా బ్యాటరీలు’ అని నా వెనకాలే. వారంపాటు మాకు చిందులు, ఈయనకు ఏడుపు.”

“నీ పెళ్ళి ఎప్పుడయిందిరా?” అని అడిగింది డెల్ఫీనా.

“మొక్కజొన్న కంకులు విరిచేటప్పుడు అత్తా. ఆ వారమేగా ఏటి దగ్గర...”

ఇన్నేళ్ళుగా ఆ రెండు సంగతులూ గ్వాటిడ్జో బుర్రలో పక్కపక్కనే ఉన్నా, ఎన్నడూ ఒకదాన్నొకటి పలకరించుకోలేదు.

“మరి బ్యాటరీలు నీ పెళ్ళిలో పాటలు పాడుతుంటే, ఈయనతో రేడియోలో మాట్లాడిందెవరు?” అంది డెల్ఫీనా.

నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. గ్వాటిడ్జో కోటు బొత్తాలు తడుముకున్నాడు.

“వేళాకోళం అత్తా. సహ్విర మాటలకు లెక్కేముంది?”

“అవును, నీ మాట పట్టుకుని నేను అడగలేను. ఆచారం ఒప్పుకోదు.” ఆమె పేటిక వైపు తిరిగింది. “బతికినన్నాళ్ళూ రేడియో మీదికి తోశావు. చచ్చాక వీడి నోటితో చెప్పిస్తున్నావు. నీ ఇంట్లో వేళాకోళం ఆడనివాడు ఒక్కడైనా ఉన్నాడా ఫోంబే?”

అల్బీనో నవ్వేస్తే చాలు, వాకిలంతా మళ్ళీ నవ్వుతుంది, అంతటితో గండం గడుస్తుంది. తల్లి అతని వైపే చూస్తూ వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతోంది. చిన్నకూతురు అతని మోకాలికి ఆనుకుని నిద్రపోతోంది. ఆ పిల్లను చూస్తే భయమేసింది. ఇందాక చెప్పు చెవికి ఆనించినప్పుడు తాను ఎంత గట్టిగా నవ్వాడో గుర్తొచ్చి అంతకంటే ఎక్కువ సిగ్గేసింది. పిల్లను నాయనమ్మ ఒడిలో పడుకోబెట్టి లేచాడు.

“రేడియో ఏమీ చెప్పలేదు పెద్దమ్మా. కాల్చమని మా నాన్నే చెప్పాడు. ఆయన పోయాడు. ఇక జీటోని చంపినవాణ్ణి నేనే.”

తల్లి గట్టిగా ఏడ్చింది, పొద్దుటినుంచి మొదటిసారి. గ్వాటిడ్జో కోటు విప్పి మడతపెట్టాడు.

డెల్ఫీనా జరిగి చాప మీద చోటిచ్చింది.

“కూర్చో నాయనా. మావాడికి కాస్త చెముడు. గట్టిగా పిలవాలి.”

అల్బీనో ఆమె పక్కన కూర్చుని, ఏటి వైపు తిరిగి, జీటోని పేరుపెట్టి పిలిచాడు.