తెలిసీ తగిలించినవాడు

అడుగు వరుస కొక్కేలకు గిఫ్ట్ కార్డులు తగిలిస్తూ అతను మోకాళ్ల మీద కూర్చున్నాడు. పొడగరి, అలా కూర్చున్నా తల స్టాండు సగానికి వస్తుంది. దుకాణంలో అరలు సర్దడంలోనే జుట్టు నెరిసింది. అందరూ అతన్ని ‘నిదానం’ అనే పిలుస్తారు. అతను గొంతు పెంచగా విన్నవాళ్లు లేరు.

అటూ ఇటూ చూసి చొక్కా లోపలి జేబులోంచి మరో కట్ట తీశాడు. ఇవి బావమరిది ఇచ్చినవి. కార్డు మీది వెండిపూత గీకి, కింది అంకెలు రాసుకుని, అచ్చం అలాంటి పూతే అంటించి ఇస్తాడు వాడు. ఎవరైనా కొని అందులో డబ్బు వేయించగానే, ఆ అంకెలతో అవతల ఖాళీ చేస్తాడు.

“నువ్వేం గీకక్కర్లేదు బావా, తగిలిస్తే చాలు” అన్నాడు మొదట్లో. ఆ మాట పట్టుకునే అతను నెట్టుకొస్తున్నాడు. వాటాగా వచ్చినదాంతో కొన్న మెత్తటి పరుపు మీద భార్య హాయిగా పడుకుంటుంది. అతను మాత్రం నడుంనొప్పి వంకతో నేల మీద దుప్పటి పరుచుకుంటాడు.

“బాబూ, ఇది ఒకసారి చూస్తావా?”

వెనక్కి తిరిగితే, బట్టలు కుట్టే ముసలావిడ. సూదిపోట్లకు వేళ్ల చివర్లు గరుకుబారాయి. ఆమె చేతిలోని కార్డు, బొమ్మ బాగుందని మొన్నామధ్య అతనే తీసిచ్చినది.

“మనవరాలికిచ్చాను. బూట్లు కొనుక్కోబోతే ఇందులో ఏమీ లేదన్నారట. నలుగురిలో పిల్ల చిన్నబోయింది. నేనే ఎక్కడో తప్పు నొక్కానేమో.”

“మీ తప్పేం లేదమ్మా” అన్నాడు. మేనేజరు గది చూపించాడు.

ఆ గదిలో అప్పటికే పోలీసు ఇన్‌స్పెక్టరమ్మ ఉంది. ఇలాంటి ఫిర్యాదు ఇది మొదటిది కాదు. కాసేపటికి పనివాళ్లందరినీ పిలిచారు.

“గీకినవాడొక్కడే దొంగ అనుకోకండి” అందామె మామూలు గొంతుతోనే. “తెలిసీ తగిలించినవాడిదీ మోసమే. చట్టం ఇద్దర్నీ ఒకే గాటన కడుతుంది. జైలు తప్పదు.”

మేనేజరు, బిల్లులు కొట్టే అమ్మాయి వైపు తిరిగాడు. “కార్డులన్నీ నీ చేతి మీదుగానే కదా పోయేది?”

ఆ పిల్ల ముఖంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. అందరూ ఆమెకు కాస్త ఎడంగా జరిగారు. నిదానం కూడా జరిగాడు. జరిగాక తన కాళ్లకేసి చూసుకున్నాడు.

“ఆ అమ్మాయిని వదిలేయండి మేడమ్. తగిలించింది నేను.”

“గీకిందెవరు?”

తల్లిపోయిన తమ్ముణ్ణి చంకనెత్తుకుని పెంచింది అతని భార్య. అది గుర్తొచ్చి ఆగాడు. చివరికి బావమరిది పేరూ చెప్పాడు. ఇంటికి ఫోను చేసుకోనిచ్చారు.

జరిగింది విని భార్య ఒక్కటే అడిగింది.

“ముందు ఎవరి పేరు చెప్పారు?”

“నాదే.”

ఫోను పెట్టేసింది.

బయట కుర్చీలో ముసలావిడ ఇంకా కూర్చునే ఉంది. పోలీసుల మధ్య వస్తున్న అతన్ని చూసి కంగారుగా లేచింది.

“అయ్యో, నీకేమైంది బాబూ?”

“ఆ కార్డు ఖాళీదవుతుందని తెలిసే ఇచ్చానమ్మా.”

ఆమె మెల్లగా మళ్లీ కుర్చీలో కూర్చుంది. తిట్టినా బాగుండునని అతనికి అనిపించింది. తలుపు దాటుతూ వెనక్కి చూడలేదతను.

కార్డులన్నీ సీజు చేశాక స్టాండు బోడిగా మిగిలింది. దాని ముందు నేల మీద, అతను మోకాళ్ల కింద వేసుకునే అట్టముక్క, రెండు గుంటలు పడి అలాగే ఉంది.