సొరంగం అవతల ఆగిన రైలు

ఆ దసరా పొద్దున ఇంట్లో ఉన్నది ముగ్గురే. నానమ్మ శేషమ్మ, ఒళ్లంతా చికెన్‌పాక్స్ పొక్కులతో నాలుగేళ్ల సాత్విక్, వాడు గోక్కోకుండా కాపలా కాస్తూ అక్క మనస్విని. శేషమ్మనడిగితే ఇంకా చాలామందే ఉన్నారని చెప్పేది. వంటగది మూలన పీట మీద దుర్గమ్మ ఉంది, ఆమె ముందు నిన్న నవమి నాడు ఆయుధపూజకు పెట్టిన పనిముట్లలో కొన్ని ఇంకా ఉన్నాయి. పూజలో ఉన్నంతసేపు వాటినీ మనుషుల లెక్కలోనే వేసుకునేది ఆమె. అమ్మ నాగేశ్వరి టౌన్ ఆస్పత్రిలో డ్యూటీకి పోయింది. పండగని చెప్పుకున్నా డ్యూటీల పట్టిక మారలేదు. నాన్న శ్రీకాంత్ తెల్లవారకముందే కారు తీసుకుని రైలు దగ్గరికి పోయాడు.

ఆ రైలు గురించి కాస్త చెప్పుకోవాలి. వాళ్లుండే ఊరు వేల్స్‌లో, కొండల నడుమ. బళ్లో అక్షరాలు దిద్దే పలక ఏ రాయితో చేస్తారో ఆ రాయి ఒకప్పుడు అక్కడి కొండల్లో దొరికేది. దాన్ని కిందికి మోయడానికి రెండడుగుల వెడల్పు పట్టాలు వేసి బుల్లి రైలు నడిపారు. గనులు మూతపడ్డాక పట్టాలు పీకి అమ్మేశారు. సొరంగం కప్పు సగం కూలింది. మిగిలిన దారిని ముళ్లపొదలు కమ్మేశాయి. ఆ తర్వాత టీచర్లు, పళ్ల డాక్టర్లు, రిటైరైన బస్సు డ్రైవర్లు, ఎవరికి తోస్తే వాళ్లు శని ఆదివారాలు వచ్చి ముళ్లు కొట్టడం మొదలుపెట్టారు. పైసా జీతం లేదు. ముందు నాంట్‌హెలిగ్ స్టేషను దాకా లైను బాగుచేసి రైలు నడిపారు. ఆపైన ఏళ్ల తరబడి సొరంగంలో బండలు ఎత్తిపోసి, శ్రీకాంత్ వాళ్ల ఇంటి వెనకవైపు కొత్త స్టేషను దాకా పట్టాలు తెచ్చారు. మాంచెస్టర్ కంపెనీకి ఇంట్లోనుంచే సాఫ్ట్‌వేర్ పని చేసుకునే శ్రీకాంత్, ఈ ఊరికి వచ్చిన ఏడే వాళ్లలో కలిశాడు. కీబోర్డు తప్ప ఎరగని చేతులు కంకర ఎత్తి ఎత్తి కాయలు కాశాయి.

ఇవాళ మొదటి రైలు ఆ సొరంగం దాటి పైకి రావాలి. నడిపేది ఎమ్రిస్ అనే ముసలాయన. బడి పిల్లవాడిగా ఉన్నప్పుడు మొదటి ముళ్లపొద కొట్టినవాళ్లలో ఆయనొకడు. కళ్లు మందగించాయని ఈ నెలాఖరుతో ఆయన డ్రైవర్ లైసెన్సు ఆగిపోతోంది. రైలెక్కి లైను చూసి అనుమతి ఇవ్వాల్సిన ఇన్‌స్పెక్టరు మళ్లీ వచ్చేది వచ్చే ఏడే. ఎమ్రిస్ ఈ దారిలో రైలు నడపాలంటే ఇవాళే నడపాలి. బొగ్గు వేసే పని శ్రీకాంత్‌ది.

మనస్వినికి కూడా వెళ్లాలని ఉండేది, జనం లేకపోతే. పది దాకా సొంతూళ్లో జిల్లా పరిషత్తు బళ్లో చదివి, పోయినేడే అమ్మానాన్నల దగ్గరికి వచ్చింది. హాజరు పిలిస్తే ఆమె పలికిన 'ఉన్నాను సార్' వినపడక సారు ఆబ్సెంట్ వేసిన రోజులున్నాయి. ఇక్కడికొచ్చాక తెల్లవాళ్లతో 'థాంక్యూ' దాటి మాట్లాడలేదు. తమ్ముడి పొక్కులు చూసి లోలోపల కాస్త ఊరట పడ్డదనే చెప్పాలి.

ఫోన్ మోగింది. కింద నాంట్‌హెలిగ్ స్టేషనులోని ల్యాండ్‌లైన్ నుంచి నాన్న.

"మనూ, నిన్న నేను పూజల పెట్టిన ఎర్ర కర్ర, దానికి ఇత్తడి బిళ్ల ఉంటది సూడు. గది ఆడ ఉన్నదా?"

దుర్గమ్మ ముందు నానమ్మ కప్పిన కొత్త తువ్వాలను మనస్విని ఒక కొస ఎత్తి చూసింది. బంతిపూల మధ్య, పసుపు కుంకుమ బొట్లతో కర్ర పడుకుని ఉంది.

"ఉన్నది నాన్నా."

అది ఇంట్లోనే ఉందని అవతల నాన్న ఎవరికో ఇంగ్లీషులో చెప్పడం వినపడింది.

ఆ కర్రను టోకెన్ అంటారు. సొరంగం గుండా పోయేది ఒక్కటే లైను, దానికి ఒక్కటే టోకెన్. అది ఎవరి చేతిలో ఉంటే లైను వాళ్లది. పట్టాల మీద పనిచేసేవాళ్ల దగ్గరుంటే రైలు రాదు. రైలు దగ్గరుంటే మనుషులు పట్టాల మీదికి రారు. అది లేకుండా ఏ మనిషీ పట్టాల మీద అడుగు పెట్టడు, ఏ డ్రైవరూ చక్రం కదపడు, ఎదురుగా అంతా ఖాళీ అని కళ్లకు కనిపిస్తున్నా సరే. నిన్న పైన ఆఖరి కంకర సర్దిన జట్టుకు పెద్ద శ్రీకాంత్. పని అయ్యాక టోకెన్‌ను కింద సిగ్నల్ గదిలో అప్పజెప్పాలి. కానీ దీపం పెట్టేలోగా పనిముట్లు పూజలో ఉండాలని తల్లి పట్టుబట్టింది. పార, స్పానర్‌తో పాటు టోకెన్‌నూ అక్కడే పెట్టాడు. తెల్లవారుజామున పిల్లవాడు లేస్తాడని లైటు వేయకుండా తడుముకుని పారా స్పానరూ తీసుకుపోయాడు. తువ్వాల కింద ఉన్నది చేతికి తగల్లేదు.

"కారుల రా నాన్నా."

"కొండ సుట్టు తిరిగి వచ్చి మల్ల పొయ్యేసరికి ఇన్‌స్పెక్టర్ ఉండడు బిడ్డా. ఎమ్రిస్ అంకుల్ ఇంజన్ మీద కూసున్నడు. ఒక్క మాట గూడ అంటలేడు. తిట్టినా బాగుండు."

ఇంతలో ఫోను చేతులు మారింది. సిగ్నల్ గదిలో ఉండే గ్వెన్ ఆంటీ. చిన్నపిల్లకు చెప్పినట్టు నిదానంగా, ఇంగ్లీషులో అడిగింది.

"నీ చేతిలో ఉందా అది?"

"యెస్."

"అయితే లైను నీదమ్మా. సొరంగంలోంచి నడిచి రా. అది నీ చేతిలో ఉన్నంతసేపు ఇక్కడ ఒక్క చక్రం కదలదు. పూచీ నాది."

మనస్విని కర్ర మీద చెయ్యి వేసిందో లేదో, శేషమ్మ గద్దించింది.

"అట్ల గుంజుకపోతవా? పూజల పెట్టినదాన్ని హారతియ్యకుంట కదిలిస్తరా ఎవరన్న?"

"రైలు ఆగింది నానమ్మా."

"ఆగనీ. దుర్గమ్మకంటె పెద్దదా మీ నాయిన రైలు?" అంటూనే ఆమె కర్పూరం వెలిగించింది. హారతి పళ్లెం తిరిగిందో లేదో కప్పు మీది స్మోక్ అలారం కీచుమని అరవడం మొదలెట్టింది. సాత్విక్ చెవులు మూసుకున్నాడు.

"నానమ్మా, టూ లౌడ్. కెన్ ఐ గో టూ?"

"ఏమంటడే వీడు?"

"తానూ వస్తడట."

"పొక్కులు మాడినంక పోదువు తీ." శేషమ్మ కర్రను కళ్లకద్దుకుని మనవరాలి రెండు చేతుల్లో పెట్టింది. "భద్రం. కింద పెట్టకు."

తలకు కట్టుకునే నాన్న లైటు ఒకటి పాతది ఉంటే పెట్టుకుని బయల్దేరింది. ఇంటి వెనక గేటు దాటితే కొత్త స్టేషను. రంగు వాసన ఇంకా పోలేదు. అక్కడినుంచి పట్టాలు కొండవాలు పట్టుకుని పోతున్నాయి. రెండు పక్కలా గని వదిలేసిన నీలిబూడిద రంగు రాళ్ల గుట్టలు, వాటి మీద గొర్రెలు. గొర్రెలు తలెత్తి చూశాయి. అలవాటు చొప్పున పక్కగా నడవబోయి, అక్కడ కంకర జారుతుంటే పట్టాల మధ్యకే వచ్చింది.

సొరంగం నోటి దగ్గర చల్లని గాలి మొహానికి తగిలింది. లోపల నాలుగడుగులు వేసేసరికి వెనకవైపు వెలుతురు చిన్నబోయింది. ఎక్కడో నీటిబొట్లు పడుతున్నాయి. లైటు పడ్డచోటల్లా గోడ నిండా గీతలు కనిపించాయి. ఒక్కోటి జానెడు పొడుగు, వేలు పట్టేంత లోతు. ఉలితో, సుత్తితో, కొవ్వొత్తి వెలుతురులో తొలిచిన గుర్తులని నాన్న చెప్పేవాడు. ఆమె ఒక గీతలో వేలు పెట్టి చూసింది. రాయి తడిగా, నున్నగా ఉంది. ఆ గీతలు అటూ ఇటూ పైనా, లైటు అందినంత మేరా ఉన్నాయి. ఎందరు, ఎన్నాళ్లు కొట్టి ఉంటారో ఆమె ఊహకు అందలేదు. తలెత్తితే మెడ వెనక జలదరించింది. నడుమ, కప్పు కూలిన చోట, ఇనుప కమానులు వరసగా నిలబడి కొండను మోస్తున్నాయి. వాటి బోల్టులు బిగించింది పళ్ల డాక్టర్లూ బస్సు డ్రైవర్లూ తన నాన్నా. నాన్న సోమవారాలు నడుం పట్టుకుని లేవలేక మూలిగితే అమ్మ నవ్వేది. ఆ మూలుగులన్నీ ఇక్కడ ఇలా నిలబడి ఉన్నాయని మనస్వినికి ఇప్పుడే తెలిసింది.

అప్పుడు వినపడింది. ముందునుంచి, చీకట్లోంచి, పెద్ద జంతువు ఊపిరి వదిలినట్టు బుస్సుమని. కాళ్ల కింద నేల సన్నగా అదిరినట్టనిపించింది. ఆమె గోడకు అంటుకుపోయింది. వీపు తడిసింది. ఇరుకు సొరంగం, రైలొస్తే తప్పుకోవడానికి చోటు లేదు. వెనక్కి పరిగెత్తాలని ఒళ్లంతా చెబుతోంది.

చేతిలోని కర్ర చూసుకుంది. ఇది ఇక్కడుంటే అది అక్కడే ఉండాలి. ముసలాయన కళ్లు మందగించినా, ఇన్‌స్పెక్టరు వాచీ చూసుకుంటున్నా, నాన్న తల దించుకుని నిలబడినా, ఆ ఇంజను రాదు. బజారులో ఎవరెదురొచ్చినా పక్కకు తప్పుకునే పిల్ల కోసం అంత ఇనుమూ అంత నిప్పూ ఆగి ఉన్నాయి. ఆ సంగతి ఎంత పెద్దదిగా తోచిందంటే భయం ఎప్పుడు జారిపోయిందో ఆమెకే తెలియలేదు. గోడ వదిలి, పట్టాల నడిమధ్యకు వచ్చి నడిచింది.

సొరంగం దాటగానే కళ్లు చెదిరాయి. తేరుకుని చూస్తే ఎదురుగా ఉంది రైలు. ఎర్రటి బుల్లి ఇంజను, వెనక ఆకుపచ్చ పెట్టెలు. ఆవిరి తిన్నగా ఆకాశంలోకి లేస్తోంది. ప్లాట్‌ఫారం నిండా జనం, పెట్టెల కిటికీల్లో జనం. ఆమె అడుగుల కింద కంకర చప్పుడు అందరికీ వినపడుతోంది. ప్లాట్‌ఫారం మీద ఒక పెద్దాయన టోపీ తీశాడు. అది చూసి పక్కనున్నవాళ్లూ తీశారు.

ఇంజను మీద నాన్న, మొహం నిండా బొగ్గు. ఆమె వంక చూడలేకపోతున్నాడు. ఎమ్రిస్ కిందికి వంగి చెయ్యి చాచాడు. ప్రసాదం ఇచ్చినట్టు రెండు చేతులతో ఇచ్చింది. ఆయనా రెండో చెయ్యి కలిపి తీసుకున్నాడు. ఆయన అరచేయి ఎర్రగా, పచ్చగా అయింది.

"ఏమిటమ్మా ఇది, రంగా?"

శ్రీకాంత్ ఏదో చెప్పబోయాడు. ఎమ్రిస్ ఆపాడు. "నిన్ను కాదయ్యా, తెచ్చినావిడని అడుగుతున్నా."

మనస్విని మొదటిసారి అన్నది ఆమెకే వినపడలేదు. రెండోసారి ఇంగ్లీషులో గట్టిగా చెప్పింది.

"ఏడాదికి ఒకరోజు మేం పనిముట్లకు దండం పెడతాం. రాత్రంతా ఇది దేవత ముందుంది. అందుకే నాన్న దగ్గర లేదు."

ఎమ్రిస్ కర్రను అటూ ఇటూ తిప్పి చూశాడు. "కిందిలైను టోకెన్‌ను మేం గొడుగుల బకెట్లో పెడతాం" అన్నాడు. ప్లాట్‌ఫారం మీద ఎవరో పక్కున నవ్వారు. ఆయన నవ్వలేదు. బిళ్ల మీది లైను పేరు పైకి చదివాడు. తర్వాత శ్రీకాంత్‌కు చూపించాడు. అతనూ చదవాలి, అది పద్ధతి. శ్రీకాంత్ పైకి చదివి, అప్పుడు కూతురి వంక చూశాడు.

పని అయిందనుకుని మనస్విని సొరంగం వైపు తిరిగింది.

"ఎక్కడికి?" గ్వెన్ ఆంటీ.

"ఇంటికి. నానమ్మ ఎదురుచూస్తుంది."

"ఇక నడవడానికి లేదమ్మా. టోకెన్ ఇచ్చేశావు, లైను ఇప్పుడు రైలుది. ఆ కొండ దాటాలంటే ఎవరైనా రైలెక్కాల్సిందే."

గార్డు మొదటి పెట్టె తలుపు తీసి పట్టుకున్నాడు. లోపల ఇన్‌స్పెక్టరు తన సంచీ ఒళ్లోకి తీసుకుని కిటికీ పక్కన చోటిచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడి, ఎదురు బల్ల మీద కూర్చున్నవాళ్ల చేతులు చూసింది మనస్విని. కాయలు కాసి, గోళ్లు విరిగి, అన్నీ నాన్న చేతుల్లాగే ఉన్నాయి. ముందు ఇంజను దీర్ఘంగా కూత వేసింది. ఆ కూత కొండకు తగిలి, సొరంగంలో దూరి, అవతలివైపునుంచి ఇంకో రైలు పలికినట్టు తిరిగి వచ్చింది. పెట్టెలో ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అక్కడ అంతకాలం తవ్వినవాళ్లెవరూ ఆ బదులు ఇంతకుముందు విని ఉండలేదు.

ఆమె అడుగు లోపల పడగానే గార్డు తలుపు మూసి గడియ తిప్పాడు.