అరచెయ్యి ఆనని ఇటుకలు

ఎడమ అరచెయ్యి ఇటుక మీద ఆనించి, కుడిచేతిలోని కొయ్యసుత్తితో మేస్త్రి దాని అంచు మీద రెండు దెబ్బలు వేశాడు. అదురు అరచేతిలోంచి మణికట్టుదాకా పాకి అక్కడ చప్పున ఆగింది. ఆగిందంటే ఇటుక గట్టిది, వెనకనున్న సున్నాన్ని పట్టుకునే ఉంది. చెవి మీద నుంచి సుద్దముక్క తీసి చిన్న నిలువుగీత గీశాడు. డొల్ల ఇటుకైతే అదురు అలా ఆగదు. సీసాలో పడ్డ తుమ్మెదలా కాసేపు అక్కడక్కడే తిరుగుతుంది. దానికి ఇంటు గుర్తు.

పరంజా చెక్కల మీద పక్కకి జరుగుతూ పొద్దుటి నుంచీ ఇదే పని. పాత ఇటుకల తీర్పు ఎప్పుడో అయిపోయింది. కొత్తగా కూర్చినవి పట్టాయో లేదో ఆఖరిసారి చూస్తున్నాడు. మనిషి బక్కపలచన. ప్యాంటు మోకాళ్ల దగ్గర సున్నంతో అట్టకట్టింది. వేళ్ల చివర్లు ఇటుక గరుకుకి అరిగి నున్నబడ్డాయి. వేలిముద్ర మిషన్లు అతన్ని మనిషిగా ఒప్పుకోవు.

అది వందేళ్ల నాటి నాలుగంతస్తుల ఎర్రటి భవనం. కింద బట్టల దుకాణాలు, పైన వకీళ్ల ఆఫీసులు, ఆ పైన బీమా కంపెనీ. వానలకి నాని నాని ఇటుకల మధ్య సున్నం రాలిపోయింది. బాగుచెయ్యాలంటే ముందు ఎవరో ఒకరు ఒక్కో ఇటుకనీ కొట్టి చూడాలి. ఇంటు పెట్టినవాటిని ఊడదీసి కొత్తవి కూరుస్తారు. గీత ఉన్నవాటి జోలికి ఎవరూ పోరు. ఆ సుద్దగీతే ఆఖరి మాట. ముప్ఫై ఏళ్లుగా ఊళ్లో ఏ పాత గోడకైనా ఆ మాట చెప్పేది అతనే. చప్పుడు విని ఇటుక జాతకం చెప్తాడని అందరూ అతన్ని చెవుల మేస్త్రి అన్నారు. అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా లేదు.

ఆ చెవులిప్పుడు సుద్దముక్క పెట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరావని భార్యకి తప్ప ఎవరికీ తెలియదు.

పాత సిమెంటు కోసే మిషను పక్కన ఏళ్ల తరబడి నిలబడ్డందుకు ముందు కుడిచెవి పోయింది. రెండేళ్ల కిందట ఎడమది కూడా దాని దారి పట్టింది. అప్పటినుంచే ఈ అరచెయ్యి ఆనించడం. చూసినవాళ్లు దాన్ని పనితనం అనుకున్నారు. పక్క పరంజా మీద ఇద్దరు మేస్త్రీలు, నిక్షేపంలాంటి చెవులున్నవాళ్లు, అతన్ని చూసి తామూ అరచెయ్యి ఆనించి మరీ కొడుతున్నారు. పిలిస్తే పలకడు గనక గంభీరమైన మనిషన్నారు.

అరచెయ్యి ఇంతవరకూ అబద్ధం చెప్పలేదు. ఒక్కచోట మాత్రం ఏమీ చెప్పలేదు.

పెద్ద ద్వారానికి పైన, రెండో అంతస్తు చూరు కింద, బయటికి పొడుచుకొచ్చిన గుండ్రటి ఇటుకల వరుస ఒకటుంది. గుడ్డుని నిలువునా కోసి బోర్లించినట్టుండే అరవై ఇటుకలు. వాటి మీద అరచెయ్యి ఆనదు. ఆనినా మధ్యలో ఒక చుక్క మేర. నాలుగు నెలల కిందట, మొదటి వారంలోనే అక్కడికొచ్చాడు. మూడు నాలుగు కొట్టి చూశాడు, చేతికేమీ అందలేదు. ఈ పని చేయించే ఇంజనీరమ్మ కింద నుంచి తలెత్తి చూస్తోంది. చుట్టుపక్కలవన్నీ గట్టివే కదా, ఇవీ అంతేలే అనుకుని అరవైకీ గీతలు గీసి ముందుకి జరిగిపోయాడు. అప్పటినుంచీ తిన్నది ఒంటికి పట్టడం లేదు.

రేపు పొద్దున పరంజా విప్పేస్తారు. విప్పేశాక ఇంకో యాభై ఏళ్లదాకా ఆ వరుస దగ్గరికి మనిషన్నవాడు పోడు.

ఇవాళ పనికి బయల్దేరుతుంటే భార్య ఎదురొచ్చి నిలబడి, పెదవులు పెద్దగా కదుపుతూ అడిగింది.

"ఇవాళైనా ఆ ఇంజనీరమ్మకి చెప్తావా లేదా?"

"చూద్దాం."

"నాలుగు నెలల్నుంచి చూస్తూనే ఉన్నావు. నీతో చెప్పుకున్నా ఒకటే, ఆ గోడతో చెప్పుకున్నా ఒకటే. గోడే నయం, చూద్దాం అనదు."

టీ వేళకి కిందికి దిగాడు. ద్వారం పక్క మెట్టు మీద ఇరవై ఏళ్లుగా తాళాలు బాగుచేసే అతను, పరంజా కట్టినప్పటినుంచి రోడ్డవతల ఎండలో కూచుంటున్నాడు. మేస్త్రిని చూసి రోజూ అడిగే మాటే అడిగాడు. అది వినక్కర్లేదు, పెదవులు చాలు.

"రేపేగా మేస్త్రీ? నా మెట్టు నాకొచ్చేస్తుందిగా?"

మేస్త్రి తలెత్తాడు. గుండు కట్టిన దారం వదిలితే తిన్నగా ఆ మెట్టు మీదే పడేలా, పైన గుండ్రటి వరుస.

టీ గ్లాసు అరుగు మీద పెట్టేసి సున్నం తొట్టి దగ్గరికి నడిచాడు. అక్కడ పారతో సున్నం కలిపేది బామ్మర్ది, భార్యకి తమ్ముడు. నోరు తెరిస్తే వెటకారమే.

"నాకు వినపడదు" అన్నాడు మేస్త్రి.

"ఏంటి?"

"చెవులు పోయాయి. రెండేళ్లయింది."

పార సున్నంలోనే ఆగిపోయింది.

"చెవుడొచ్చిందా!" బామ్మర్ది పెట్టిన కేక మేస్త్రికి కూడా కాస్త వినపడింది. "రెండేళ్లుగా నిన్నెన్ని తిట్లు తిట్టాను బావా! ఒక్కదానికీ బదులు చెప్పలేదు. మా బావకి బుద్ధొచ్చిందని కనపడ్డవాళ్లందరికీ చెప్పాను కదా!"

"మళ్లీ మొదట్నుంచి తిడుదువు గాని, ముందు పైకి రా. నీ చెవి కావాలి."

సంగతి వింటూ నిచ్చెన ఎక్కేసరికి బామ్మర్ది మొహంలో నవ్వు లేదు. ముందు బల్లపరుపు గోడ మీద ఇరవై ఇటుకలు చూశారు. మేస్త్రి అరచెయ్యి ఆనించి కొట్టడం, బామ్మర్ది చెవి పెట్టి వినడం. ఇరవైకి ఇరవై, చెయ్యీ చెవీ ఒకే మాట చెప్పాయి. అప్పుడు గుండ్రటి వరుసకొచ్చారు. నాలుగు నెలలైనా చూరు కింద వాన తగలక సుద్దగీతలు అలాగే ఉన్నాయి. మేస్త్రి ఒక్కో ఇటుకనీ కొట్టి అతని మొహంకేసి చూస్తున్నాడు. ప్రతిసారీ బామ్మర్ది తల ఊపుతున్నాడు. నలభై దాటాక ఒకచోట ఊపలేదు.

"ఇంకోసారి కొట్టు."

కొట్టాడు.

"ఖాళీ కుండలా ఉంది బావా."

మేస్త్రి తాపీ మొనతో ఇటుక చుట్టూ పైపైన పూసిన కొత్త సున్నం గోకి, రెండు చేతులా పట్టుకుని ఇటూ అటూ ఆడించాడు. ఊగుతున్న పాలపన్నులా ఇటుక చేతిలోకి వచ్చేసింది. వెనక సున్నం లేదు, పొడి ఉంది. చివరిదాకా చూస్తే అలాంటివి ఇంకో రెండు దొరికాయి.

ఇటుకని ఒళ్లో పెట్టుకుని చెక్కల మీద చతికిలబడ్డాడు. మూడు కిలోల పైనే ఉంటుంది.  కింద రోడ్డవతల తాళాలతను ఎవరిదో పెట్టె ముందేసుకుని తలవంచి ఆకురాయి ఆడిస్తున్నాడు. మేస్త్రి ఆ తలకేసి చాలాసేపు చూశాడు. 

"ఆకలేస్తోందిరా" అన్నాడు.

"ఇప్పుడా! నాకిక్కడ గుండె నోట్లోకొస్తుంటే!" అన్నాడు బామ్మర్ది. అంటూనే జేబులోంచి రొట్టెముక్క తీసి చేతిలో పెట్టాడు.

రేకుల గదిలో ఇంజనీరమ్మ బల్ల మీద ఇటుక పెట్టి, మేస్త్రి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె కుర్చీలోంచి లేచింది.

"మేస్త్రీ గారూ, ఇది ఎవరి నెత్తి మీదైనా పడుంటే?"

"అందుకే వచ్చానమ్మా."

"మరి మిగతా గోడంతా?"

"బల్లపరుపు గోడకి నా చెయ్యి పూచీ. గుండ్రటి వరుస అదొక్కటే. అయినా నా మాట నమ్మొద్దు, చెవులున్నవాళ్లతో కొట్టించండి."

ఆమె పరంజా విప్పేవాళ్లకి ఫోన్ చేసి మూడు రోజులు ఆగమంది. పక్క పరంజా మీది ఇద్దరు మేస్త్రీల్నీ పిలిచి, నాలుగు వైపులా తనకి తోచినచోటల్లా వేలు చూపించి కొట్టించింది. ఎండ గోడని వదిలేదాకా కొట్టించింది. ఎక్కడా సుద్దగీత తప్పు చెప్పలేదు. ఈలోగా గుండ్రటి వరుసలో మూడు కొత్త ఇటుకలు మేస్త్రే తన చేత్తో కూర్చాడు. కన్నాలు కడిగి, సున్నం నిండుగా పెట్టి, అది అంచుల్లోంచి ఉబికి వచ్చేదాకా నొక్కాడు.

దిగొచ్చాక ఇంజనీరమ్మ ఎదురుగా నిలబడి, పెదవులు నిదానంగా కదుపుతూ, "రేపటినుంచి సున్నం నింపే పనిలోకి రండి. దానికి చెవులక్కర్లేదు" అంది.

"వద్దమ్మా. ఇంక గోడ వైపు చూడకుండా నాలుగు రోజులు పడుకుంటాను."

కొయ్యసుత్తి బామ్మర్ది చేతిలో పెట్టి, పంపు దగ్గర మోచేతులదాకా కడుక్కుని రోడ్డెక్కాడు. తాళాలతనికి మూడు వేళ్లు చూపించాడు. అతను చేతులూపుతూ ఏదో సణిగాడు. రెండేళ్లలో మొదటిసారి మేస్త్రి ఎదుటివాడి పెదవుల్ని చదవడానికి ప్రయత్నించలేదు.

"నాకు చెవుడయ్యా! గట్టిగా చెప్పు!" అని నడిరోడ్డు మీద అరిచాడు.

అతను తెల్లబోయి, ఆనక గొంతు చించుకుని తన ఎండ బాధంతా చెప్పాడు. బట్టల దుకాణం ముందున్నవాళ్లు తిరిగి చూశారు. మేస్త్రి సగమే విని మనసారా నవ్వి, ఇంటిదారి పట్టాడు. మళ్లీ ఆ పనికి రాలేదు.

నాలుగో రోజున పరంజా విప్పారు. తాళాలతను మెట్టు తుడుచుకుని పెట్టె సర్దుకున్నాడు. రేకుల గదిలో ఇంజనీరమ్మ బల్ల మీద, గాలికి ఎగరబోయే కాగితాల్ని నొక్కి పట్టి గుండ్రటి పాత ఇటుక ఒకటి ఉండిపోయింది, దాని మీద ఎవరూ చెరపని తెల్లటి నిలువుగీతతో.