ఆరు గజాల చీర బండెక్కిన రోజు

మా అమ్మ కుముదవల్లికి సైకిలు నేర్పింది మా నాయనే. ఆయన తిరుపతిలో బడిపంతులు. నెల రోజులు తెల్లవారకముందే బడి మైదానంలో ఆమె వెనక సీటు పట్టుకుని పరిగెత్తాడు. పదేళ్లదాన్ని, నేను కావలి. ఇంత గుట్టుగా చేసినా మూడో రోజుకే మా అవ్వ సుందరవల్లికి తెలిసిపోయింది. గుళ్లో ప్రసాదం కన్నా ముందు కబుర్లు అందుకునే మనిషి ఆవిడ.

అమ్మ కోరిక ఒకటే. సూళ్లూరుపేట నుంచి కాళంగి ఏటి కట్ట మీద తానే తొక్కుకుంటూ పోయి, ఏరు పులికాట్ సరస్సు ఉప్పునీళ్లలో కలిసే చోటు చూడాలి. 1946 క్రిస్మస్ సెలవుల్లో నాయన సరేనన్నాడు. అవ్వ షరతు పెట్టింది.

"నేను ఎద్దులబండిలో వెనకనే వస్తా. ఒక్క తూరి కింద పడినా ఆ బండెక్కాల. మళ్లీ సైకిలు మాటే ఎత్తకూడదు."

నాకు ఒళ్లు మండింది. అమ్మ మాత్రం తలూపింది.

అత్తాకోడళ్లకు అసలు పేచీ చీర దగ్గర. అవ్వది గోచిపోసి కట్టే తొమ్మిది గజాలు. అమ్మ పెళ్లైన రెండేళ్లకే దాన్ని వదిలేసి ఆరు గజాలకు మారింది. ఆ గొడవలో మా ఇంట్లో పప్పు మాడని నెల లేదు.

సూళ్లూరుపేటలో రెండు అద్దె సైకిళ్లు తీసుకున్నాం. నాయన సైకిలు ముందు కడ్డీ మీద నేను, వెనక మంచినీళ్ల కూజా. "తా దూర కంత లేదు, మెడకో డోలు" అన్నది అవ్వ. ఆమె పులిహోరతో సహా పెంచలయ్య ఎద్దులబండిలో వెనక వచ్చింది. బండి గుంజకు ఆమె తొమ్మిది గజాల మడిచీర మూట వేలాడుతోంది. ఏట్లో మునగనిదే దాన్ని తాకదు, అది కట్టనిదే మెతుకు ముట్టదు.

ఎండ హాయిగా ఉంది. ఒక పక్క వరి, ఇంకో పక్క వెడల్పవుతున్న ఏరు, నీళ్లలో గులాబీ కాళ్ల కొంగలు. అమ్మ గంట కొడుతూ మమ్మల్ని దాటిపోయింది. ఇంకో మైలుందనగా ఆమె కుచ్చెళ్లు చైనులో చిక్కుకున్నాయి. దభీమని పడింది.

బండి వచ్చి ఆగింది. అమ్మ నూనె మరకల చీర దులుపుకుని బండి వైపు నడిచింది. నాకు ఏడుపొచ్చింది.

"యాడికి?" అన్నది అవ్వ.

"పడినాను గదా అత్తా. మాటంటే మాటే."

"నేను సూస్తానే ఉండాను. నీ కాళ్లు బాగానే తొక్కినాయి. పడింది ఆ ఆరు గజాల చీర. దాన్ని బండెక్కించు."

అవ్వ ఏట్లో మునగకుండానే, పొడిచేతులతోనే మూట విప్పి మడిచీర అందించింది. అమ్మ వెనక్కి తగ్గింది.

"మడి పోతుందత్తా. మీరు అన్నమెట్లా తింటారు?"

"ఒక పూట తినకుంటే సావను. గోచి గట్టిగా బిగించు."

పెంచలయ్య కాస్త దూరం పోయి అటు తిరిగి నిలబడ్డాడు. బండి చాటున అమ్మ చీర మార్చుకుంది. ఆ తర్వాత ఆమెను అందుకోవడం నాయన వల్ల కాలేదు.

మేం చేరేసరికి ఏటి చివర నిలబడి ఉంది. కళ్లనిండా నీళ్లు. "ఏరు యాడ అయిపోయిందో తెలీలేదే" అన్నది నాతో. అంత సంతోషంగా ఆమెను నేనెప్పుడూ చూడలేదు.

నాయన, నేను, పెంచలయ్య పులిహోర తిన్నాం. అవ్వ తినలేదు. అమ్మ కూడా ఆకు ముందు కూర్చోలేదు.

"నీకెందుకు పస్తు?" అన్నది అవ్వ.

"మీతోపాటే తింటాను."

అవ్వ సైకిలు వైపు చెయ్యి చూపింది.

"అయితే ఊరికే కూసోవడం ఎందుకు? ఆ గట్టు చివరిదాకా ఇంకో తూరి తొక్కు. సూస్తాను."