మోషేకు ఎండ

మోషే మేత మానేసి పది రోజులయింది. రెండు మూరల నీటి ఉడుము. పెరట్లో సిమెంటు తొట్టిలో, రాతి మీద గడ్డం ఆనించి, కళ్ళు సగం మూసుకుని పడి ఉంటోంది. సమాధానం మాస్టారు బడికి వెళ్ళేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి చేపముక్క దాని మూతి దగ్గర పెట్టి చూస్తున్నాడు. నాలుకైనా చాపడం లేదు.

దాన్ని పెంచింది ఆయన భార్య రెబెక్కమ్మ. మూడేళ్ళ కిందట వానలకు పులికాటు సరస్సు పొంగినప్పుడు జానెడు పిల్ల వాకిట్లోకి కొట్టుకొచ్చింది. బైబిల్లో మోషేలాగే నీళ్ళలోంచి తీసింది కనక ఆ పేరే పెట్టుకుంది. ఉడుము కొంపలో దూరితే ఇల్లు వదిలిపోవాలని ఇరుగుపొరుగు భయపెడితే, "అది దూరలేదమ్మా, నేనే పిలిచినాను" అనేది.

కార్తీకంలో ఆమె జ్వరంతో పోయింది. పోతూ ఆయన్ను కోరింది ఒక్కటే, మోషేను చూసుకోమని. ఇప్పుడది తన చేతుల్లోనే చచ్చిపోయేలా ఉంది.

శనివారం పొద్దున చేపలమ్మే పేరమ్మ బుట్టతో పెరటి తలుపు దగ్గర ఆగింది.

"ఏంది అయివారా, అట్టా పడుండాదే?"

"బెంగ పెట్టుకునింది పేరమ్మా. రెబెక్కమ్మ లేదు గదా."

పేరమ్మకు నవ్వాగలేదు. "ఉడుముకు బెంగా! బెంగ మీది సామీ. దానికి చలి. ఒంటికి ఎండ తగలకుంటే మేత యాడ అరుగుతాది? మా వాగు గట్టున చూడండి, పొద్దెక్కందే ఒక్కటీ కదల్దు." అని తల పైకెత్తి చూసింది. "ఆ పందిలి ఇంకా ఎందుకుంచినారు?"

రెబెక్కమ్మ పోయాక జరిపిన ఆదరణ కూడికకు చర్చి సంఘంవాళ్ళు వేసిన తాటాకు పందిరి అది. విప్పడానికి రెండుసార్లు వచ్చారు. రెండుసార్లూ ఆయనే, ఇంకో వారం ఉండనీండి అన్నాడు. ఆమె పేరు చెప్పుకుని అంతమంది కూర్చున్న చోటు. తొట్టి మొత్తం దాని నీడలోనే ఉంది.

మాస్టారు ఇంట్లోకి వెళ్ళి కొడవలీ స్టూలూ తెచ్చాడు.

"గుంజ నేను పట్టుకుంటా," అంటూ పేరమ్మ బుట్ట దించింది. "మెల్లిగా కొయ్యండి. పడినారంటే ఇద్దరికీ నేనే మేత పెట్టాల."

ఆయనకు నవ్వొచ్చింది. ఒక్కో కట్టూ తెగింది. మార్గశిరపు ఎండ తొట్టి మీద పడింది.

పేరమ్మ వెళ్ళిపోయింది. మాస్టారు తొట్టి గట్టు మీద కూర్చున్నాడు. పొద్దు నడినెత్తికొచ్చే వేళకు మోషే కాళ్ళు చాపి రాతి నిండా పరుచుకుంది. కళ్ళు పూర్తిగా తెరిచింది. చీలిన నాలుక ఒకసారి బయటికొచ్చి పోయింది. ఆయన చిన్న చేప అందించగానే లటుక్కున పట్టి, తల ఎగరేసి మింగింది.

రెండోది ముట్టలేదు. ఆయనా బలవంతపెట్టలేదు. లేచి, కింద పడిన తాటాకుల్లో పొయ్యికి పనికొచ్చేవి ఏరసాగాడు.